ఎలక్ట్రిక్ గిటార్‌లో గుంయ్‌మనే మోత: మూలం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి

యాంప్ ఆన్ చేసి గిటార్ వాల్యూమ్ పెంచగానే, తీగ మీద చెయ్యి పడకముందే ఒక మోత మొదలవుతుంది. క్లీన్ టోన్‌లో దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. స్వరాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ తొక్కితే మాత్రం వాయించే వరసకంటే అదే ముందు చెవిన పడుతుంది. చాలామంది వెంటనే కొత్త కేబుల్ కొంటారు. తగ్గకపోతే వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసే నాయిస్ గేట్, అప్పటికీ తగ్గకపోతే తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌లే మార్పిస్తారు. వేలకు వేలు పోసినా మోత అలాగే ఉండిపోవడం మామూలే. ఎందుకంటే మనం ఒకే పేరుతో పిలిచే ఈ మోతలో నాలుగైదు వేర్వేరు లోపాలు కలిసి ఉంటాయి. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పనిచెయ్యదు. ఏది ఏదో తేల్చడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. చెవి, చెయ్యి, నాలుగైదు వందల రూపాయల మల్టీమీటర్ ఉంటే తొంభై శాతం పని అయిపోతుంది.

ముందు చెవితో

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది. అందుకే గిటార్‌లోకి దూరే హమ్ 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాలైన 100, 150 దగ్గర వినపడుతుంది. సరిచూసుకోవడానికి చక్కటి ఉపాయం ఒకటుంది. మామూలు ట్యూనింగ్‌లో లావు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. అది జి స్వరం, 98 హెర్ట్జ్. హమ్‌లోని 100 హెర్ట్జ్ దాని పక్కనే ఉంటుంది కాబట్టి రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకు రెండుసార్లు ఊగే అల వినిపిస్తుంది. ఆ ఊపు వినపడిందంటే ఆ మోత కరెంటు లైనుకు సంబంధించినదే. అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ ఉపాయం పనిచెయ్యదు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, దాని రెట్టింపు 120, అది A షార్ప్‌కీ బి‌కీ మధ్యన ఏ ఫ్రెట్‌కూ చెందకుండా ఉంటుంది.

హమ్ మెత్తగా, లోతుగా, గుంయ్‌మంటూ ఉంటుంది. బజ్ అలా కాదు, జుయ్‌మని పదునుగా, తుమ్మెద చెవి దగ్గరకొచ్చినట్టు ఉంటుంది. పుట్టుక కరెంటులోనే అయినా, పైనున్న గుణిజాలు ఎక్కువగా కలవడం వల్ల ఆ పదును వస్తుంది. స్స్‌మనే హిస్ ఎలక్ట్రానిక్ భాగాల సహజ శబ్దం, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచేకొద్దీ పెరుగుతుంది. చిటపటలు జాక్‌లోనో, పాట్‌లోనో (నాబ్ కింద ఉండే భాగం), టంకం సరిగా పట్టని చోటో పుడతాయి. సన్నగా కీచుమనే కూత డిజిటల్ పెడల్ నుంచో, కంప్యూటర్ నుంచో వస్తుంది. ఈ ఐదింటిని వేరుచేసి వినడం వస్తే సగం పని అయినట్టే.

తర్వాత చేతితో

యాంప్ ఇన్‌పుట్‌లోంచి కేబుల్ పూర్తిగా లాగేయండి. చాలా యాంప్‌లలో ప్లగ్ లేనప్పుడు ఇన్‌పుట్ జాక్ తనంతట తానే గ్రౌండ్‌కి (సర్క్యూట్‌లోని సున్నా వోల్టుల వైపుకి) కలిసిపోతుంది. అప్పుడు మిగిలే శబ్దం యాంప్ సొంతం. అది చాలా తక్కువగా ఉంటే యాంప్‌ని వదిలేసి ముందుకు సాగవచ్చు.

ఇప్పుడు పెడల్స్ ఏవీ లేకుండా గిటార్‌ని నేరుగా యాంప్‌కి కలిపి, గిటార్ వాల్యూమ్‌ని సున్నాకి తిప్పండి. సున్నాలో వాల్యూమ్ పాట్ సిగ్నల్ తీగని గ్రౌండ్‌కి కలిపేస్తుంది, పికప్ పట్టుకున్నదేదీ బయటికి రాదు. అప్పుడు మోత ఆగిపోతే అది పికప్ నుంచో, గిటార్ లోపలి వైరింగ్ నుంచో వస్తున్నట్టు. ఆగకపోతే కేబుల్, జాక్, కరెంటు, వీటిలో ఒకటి. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా పికప్ కొనడానికి బయల్దేరకూడదు.

మూడోది, వాల్యూమ్ పూర్తిగా పెంచి తీగల మీద అరచెయ్యి ఆనించండి. చెయ్యి పెట్టగానే బజ్ తగ్గితే గిటార్ వైరింగ్ బాగానే ఉంది, షీల్డింగ్ (వైర్ల చుట్టూ అడ్డుగా ఉండే లోహపు పొర) మాత్రం చాలదు. ఎందుకిలా జరుగుతుందంటే, గదిలో ఉన్న వైర్ల విద్యుత్ క్షేత్రాన్ని మన శరీరమే యాంటెన్నాలా పట్టుకుని గిటార్ లోపలి వైర్లకు అంటిస్తుంది. తీగలు ఆనే లోహపు బ్రిడ్జ్ నుంచి లోపలికి ఒక గ్రౌండ్ వైరు ఉంటుంది కాబట్టి, తీగ తాకిన క్షణాన శరీరం కూడా గ్రౌండ్‌కి కలిసిపోయి, అంటించే పని మానేసి అడ్డుగోడ అవుతుంది. చెయ్యి పెట్టినా ఏ మార్పూ లేకపోతే ఆ బ్రిడ్జ్ వైరు తెగి ఉండవచ్చు. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లలో అది వెనక మూత కింద, స్ప్రింగులు తగిలించే ఉక్కు పట్టీకి టంకం వేసి ఉంటుంది. బ్రిడ్జ్‌కీ, అవుట్‌పుట్ జాక్ బయటి భాగానికీ మల్టీమీటర్ పెడితే ఒక ఓమ్ లోపు చూపాలి. చెయ్యి పెడితే మోత ఇంకా పెరిగిందంటే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. రిపేరు చేయించి తెచ్చిన గిటార్లలో ఇది తరచుగా కనిపించే తప్పు, పది నిమిషాల్లో సరిదిద్దవచ్చు.

చివరగా, గిటార్ పట్టుకుని కూర్చున్నచోటే నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. ఒక దిక్కులో హమ్ దాదాపు మాయమై, అక్కడినుంచి తొంభై డిగ్రీలు తిరిగేసరికి మళ్లీ నిండుగా వస్తే అది అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చే హమ్. ఎంత రాగిరేకు అతికించినా అది పోదు. ఎందుకు పోదో అర్థం కావాలంటే పికప్ లోపలికి చూడాలి.

పికప్ చేసే పని

సింగిల్ కాయిల్ పికప్ అంటే ఆరు అయస్కాంతపు కడ్డీల చుట్టూ వెంట్రుకకంటే సన్నటి రాగి తీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన కాయిల్. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, ఆ కదలికకు కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక కచేరీల్లో వాయించిన ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ప్రాణం పోసినదీ పికప్పే. ఇబ్బంది ఏమిటంటే, కాయిల్‌కి తన తీగ ఏదో, పక్క గదిలోని ట్రాన్స్‌ఫార్మర్ ఏదో తేడా తెలియదు. మారే అయస్కాంత క్షేత్రం ఏదైనా దానికి ఒకటే. ఆ వేల చుట్లు తీగ స్వరాన్ని ఎంత బాగా పడతాయో, హమ్‌నీ అంత బాగానే పడతాయి.

గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ దీనికి 1955లో పేటెంట్ కోరిన పరిష్కారమే హంబకర్. 1957 నుంచి అది గిబ్సన్ గిటార్లలో వచ్చింది. ఆలోచన ఇది: పక్కపక్కన రెండు కాయిల్స్ పెడతారు. రెండోదాన్ని మొదటిదానికి ఎదురు దిశలో కలుపుతారు, దాని అయస్కాంత ధ్రువాన్ని కూడా తిరగేస్తారు. తీగ స్వరం రెండో కాయిల్‌లో రెండుసార్లు తలకిందులవుతుంది, ఒకసారి ధ్రువం వల్ల, ఒకసారి చుట్ల వల్ల. రెండుసార్లు తిరగేస్తే మళ్లీ మొదటి రూపమే కాబట్టి రెండు కాయిల్స్ స్వరమూ కలిసి పెరుగుతుంది. బయటి హమ్‌కి మాత్రం పికప్‌లోని అయస్కాంతంతో పనిలేదు, చుట్ల వల్ల ఒక్కసారే తలకిందులవుతుంది. కాబట్టి రెండో కాయిల్ హమ్ మొదటిదాన్ని కొట్టేస్తుంది. లెక్కల పుస్తకంలోని ప్లస్సూ మైనస్సూ రాగితీగలో పనిచేస్తున్న తీరు చూస్తే ఎప్పటికీ ముచ్చటేస్తుంది.

మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్లలో కూడా ఈ లాభం కొంత దొరుకుతుంది. ఇప్పుడొచ్చే చాలా సెట్‌లలో మధ్య పికప్‌ని ఎదురు చుట్టు, ఎదురు ధ్రువంతో చేస్తారు. ఐదు స్థానాల స్విచ్‌లో రెండో, నాలుగో స్థానాల్లో రెండేసి పికప్‌లు కలుస్తాయి కాబట్టి అక్కడ హమ్ ఆగిపోతుంది. మీ గిటార్ ఒకటి, మూడు, ఐదు స్థానాల్లో మోగుతూ రెండు, నాలుగులో నిశ్శబ్దంగా ఉంటే దానిలో లోపం ఏమీ లేదు. విడివిడిగా కొన్న పికప్ బిగించాక ఈ నిశ్శబ్దం పోయిందంటే మాత్రం కొత్తది మధ్యదానికి జత కుదరలేదని అర్థం.

సింగిల్ కాయిల్ స్వరమే ఇష్టమైనవాళ్లు ఒకదాని కింద ఒకటి రెండు కాయిల్స్ పేర్చిన నాయిస్‌లెస్ పికప్‌ల వైపు వెళ్లవచ్చు. స్వరం కొద్దిగా మారుతుంది, కొందరికి నచ్చదు. అంతకుముందు ఖర్చు లేని మార్గం చూడండి: యాంప్ నుంచి జరిగి కూర్చోండి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే క్షేత్రం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపు చేస్తే సుమారుగా ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. యాంప్ మీదే కూర్చుని వాయించే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మీటరు జరగడం కొత్త పికప్‌తో సమానం.

రాగిరేకు ఎక్కడ పనికొస్తుంది

రాగిరేకు ఆపేది విద్యుత్ క్షేత్రాన్ని, అంటే చేత్తో తీగలు తాకితే తగ్గే ఆ బజ్‌ని. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం పల్చటి రాగిలోంచి నేరుగా దాటిపోతుంది. ఈ తేడా చెప్పకుండా "షీల్డింగ్ చేస్తే మోత పోతుంది" అని సలహా ఇవ్వడం వల్లే చాలామంది ఒక ఆదివారమంతా కష్టపడి నిరాశపడుతున్నారు. మీ పరీక్షలో బజ్ అని తేలితేనే ఈ పనికి దిగండి. అప్పుడు ఫలితం నిజంగా బాగుంటుంది.

కావలసినవి: జిగురు వైపు కూడా కరెంటు పారే రకం రాగి టేపు, 40 నుంచి 60 వాట్ల టంకం ఐరన్, 60/40 తగరం సీసం టంకం తీగ, మల్టీమీటర్. జిగురు వైపు కరెంటు పారని మామూలు టేపు కొంటే ప్రతి అతుకునూ టంకంతో కలపాల్సి వస్తుంది. కొనేటప్పుడే అడగండి.

తీగలు వదులుచేసి తీసేయండి. పిక్‌గార్డ్ స్క్రూలు విప్పి, లోపలి వైరింగ్‌ని నాలుగు వైపుల నుంచి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. గుంతలో దుమ్ము, నూనె మరక లేకుండా తుడిచి, ముందు అడుగున, తర్వాత గోడలకు రేకు అతికించండి. ప్రతి ముక్కా పక్క ముక్క మీదకి కనీసం 5 మిల్లీమీటర్లు ఎక్కాలి. ఒకచోట రేకును గుంత అంచు దాటించి పైకి మడవండి, పిక్‌గార్డ్ కింద అతికించిన రేకుకి అది తగలాలి. రెండు రేకులూ కలవడం ఆ మడత వల్లే. ముక్క ముక్కకీ మల్టీమీటర్ బీప్ మోడ్‌లో చూసుకోండి. బీప్ రాని అతుకు మీద టంకం చుక్క పెట్టండి. ఆఖరున గుంత రేకు నుంచి వాల్యూమ్ పాట్ వీపుకి ఒక వైరు. దీన్ని మరిచిపోతే గ్రౌండ్‌కి కలవని రేకు యాంటెన్నాలా పనిచేసి మోతను పెంచుతుంది.

పాట్ వీపుకి టంకం వెయ్యడంలోనే ఎక్కువమంది తడబడతారు. ఆ లోహపు మూత వేడిని లాగేసుకుంటుంది. 25 వాట్ల సన్న మొన ఐరన్ పెట్టి అర నిమిషం నొక్కితే లోపలి కార్బన్ పట్టీ కాలుతుంది, పైన టంకం మాత్రం మసకబారిన గోళీలా కూర్చుంటుంది, కొన్నాళ్లకు ఊడుతుంది. మూతని ముందు ఉప్పుకాగితంతో గీకి, వెడల్పు మొన ఉన్న ఐరన్‌తో మూడు నాలుగు సెకన్లలో పని ముగించాలి. టంకం నీటిలా పరుచుకుని మెరుస్తూ చల్లారితే బాగా పట్టినట్టు.

బిగించాక గిటార్ అస్సలు పలకకపోతే కంగారుపడకండి. సిగ్నల్ వైపు లోహం ఎక్కడో రేకుకి తగులుతోంది. అనుమానించాల్సినవి రెండు చోట్లు: ఐదు స్థానాల స్విచ్ కాళ్లు గుంత గోడకి రాసుకోవడం, జాక్‌ని బిగించేటప్పుడు అది గిర్రున తిరిగి మొన వైపు రేకు మీద వాలడం. అక్కడ రెండు వరసల ఇన్సులేషన్ టేపు వేస్తే చాలు. ఒక పికప్‌ని ఎంచి, వాల్యూమ్ పూర్తిగా పెట్టి, కేబుల్ గుచ్చి దాని రెండో కొసలో ప్లగ్ మొనకీ ఒంటికీ మధ్య కొలవండి. మామూలు సింగిల్ కాయిల్ అయితే ఐదున్నర నుంచి ఏడు కిలోఓమ్‌ల మధ్య చూపాలి. సున్నా చూపితే షార్ట్. హద్దు దాటి వందల కిలోఓమ్‌లు చూపితే పికప్ తీగ తెగింది లేదా టంకం ఊడింది.

ఇంట్లోని వైర్లు చేసే గోల

ఫ్యాన్ రెగ్యులేటర్లలో రెండు రకాలున్నాయి. నునుపుగా తిరిగే నాబ్ రకం చాలావరకు ట్రయాక్‌తో పనిచేస్తుంది. అది కరెంటు అలని ప్రతి సగంలోనూ కొంత భాగం కత్తిరించి పంపుతుంది. ఆ కత్తిరింపు అంచు చాలా పదునుగా ఉంటుంది, సెకనుకు వందసార్లు వస్తుంది. గిటార్‌లో జుయ్‌మనే బజ్‌కి ఇదొక పెద్ద కారణం. టకటకమని అంచెలుగా తిరిగే రకంలో చాలావాటిలో కెపాసిటర్లు ఉంటాయి, అవి అలను కత్తిరించవు. యాంప్ ఆన్‌లో ఉంచి ఫ్యాన్‌ని మధ్య వేగంలో తిప్పి, తర్వాత ఆపి చూడండి. తేడా వినపడితే రెగ్యులేటర్ మార్చడం పెడల్ కొనడంకంటే చాలా చౌక. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదకి మారగానే మోత గరగరగా మారడం కూడా ఇలాంటిదే. ఆ ఇన్వర్టర్ ఇచ్చేది నునుపైన అల కాదు, మెట్లలాంటి అల. ఎల్‌ఈడీ బల్బులు, రూటర్ అడాప్టర్లు, పాత చోక్ ట్యూబ్‌లైట్లు ఒక్కొక్కటిగా ఆపుతూ వెళ్లండి. జేబులోని ఫోన్ నుంచి వచ్చే డిడిడిడ్ శబ్దం 2జీ సిగ్నల్‌ది, ఫోన్ రెండు మీటర్లు దూరం పెడితే పోతుంది.

ఎర్త్ పిన్ జోలికి వెళ్లవద్దు

రెండు యాంప్‌లు కలిపినప్పుడో, యాంప్‌నీ మిక్సర్‌నీ ఒకే వేదిక మీద కలిపినప్పుడో వాల్యూమ్ సున్నాలోనూ హమ్ వస్తుంటే అది గ్రౌండ్ లూప్. రెండు పరికరాలూ తమ తమ ప్లగ్‌ల ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మళ్లీ సిగ్నల్ కేబుల్ షీల్డ్ ద్వారా ఒకదానికొకటి కలుస్తాయి. ఆ వలయంలో చిన్న కరెంటు తిరుగుతూ హమ్ అవుతుంది. చర్చి బృందాల్లో, ఫంక్షన్ హాళ్లలో ఇది తరచూ ఎదురవుతుంది, ఎందుకంటే మిక్సర్ హాలు వెనక ఒక సాకెట్ మీద, యాంప్ వేదిక మీద ఇంకో సాకెట్ మీద ఉంటాయి. అప్పుడు ఎవరో ఒకరు యాంప్ ప్లగ్ ఎర్త్ పిన్ తీసేయమంటారు, లేదా రెండు పిన్‌ల అడాప్టర్ పెడతారు. హమ్ ఆగుతుంది. అందుకే ఆ చెడ్డ అలవాటు ఇంకా బతికి ఉంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. యాంప్ లోహపు డబ్బా, కేబుల్ షీల్డ్, గిటార్ బ్రిడ్జ్, తీగలు, వాయించేవాళ్ల వేళ్లు, ఇవన్నీ ఒకే లోహపు దారి. యాంప్‌లో ఇన్సులేషన్ దెబ్బతిని ఫేజ్ డబ్బాకి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజ్ పోతుంది లేదా బ్రేకర్ పడుతుంది. ఎర్త్ లేకపోతే 230 వోల్టులు తీగల మీద కూర్చుని ఉంటాయి. వాయించే మనిషి ఎర్త్ అయిన మైకుని పెదవులతోనో, రెండో చేత్తోనో తాకితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఎర్త్ లోపించింది మైకు వైపైనా జరిగేది ఇదే. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్ట్ లెస్లీ హార్వీ వేదిక మీదే ఇలా ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎర్త్ పిన్ తీసేయడం ఏ హమ్‌కీ సరైన మందు కాదు.

సరైన మార్గాలున్నాయి. వీలైతే వేదిక మీది పరికరాలన్నీ ఒకే సాకెట్ నుంచి, ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపండి. యాంప్ నుంచి మిక్సర్‌కి వెళ్లేచోట ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. అది తెంపేది సిగ్నల్ షీల్డ్‌ని, కరెంటు ఎర్త్‌ని కాదు. రెండు యాంప్‌లకి పంచేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఐసోలేషన్ ఉన్న స్ప్లిటర్ వాడండి.

సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంతమాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 చుట్టూ ఉండాలి, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. ఫేజ్ ఎర్త్ మధ్య సగమో, నిలకడలేని అంకెలో వస్తే ఎర్త్ వైరు ఎక్కడికీ కలవలేదు. లైనులో, కరెంటు లీకైతే వెంటనే తెంపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం ప్రతి గిటార్ ఇంట్లోనూ జరగాల్సిన పని.

ల్యాప్‌టాప్‌తో ఆడియో ఇంటర్‌ఫేస్ వాడేవాళ్లకు తీగల మీద సన్నగా జిల్లుమనడం తెలిసే ఉంటుంది. రెండు పిన్‌ల చార్జర్‌లో మెయిన్స్ వైపునీ అవుట్‌పుట్ వైపునీ కలిపే చిన్న కెపాసిటర్ ఒకటుంటుంది, దాన్నుంచి అతి తక్కువ కరెంటు కారి తీగల దాకా వస్తుంది. చార్జర్ లాగేసి బ్యాటరీ మీద నడపండి. జిల్లు, దాంతో వచ్చే బజ్ రెండూ పోతే కారణం అదే. మూడు పిన్‌ల చార్జర్ ఆ ల్యాప్‌టాప్‌కి దొరికితే మార్చుకోవచ్చు.

పెడల్స్, గెయిన్, చివరగా గేట్

పెడల్ వరసలో కీచు కూత వస్తుంటే అనుమానించాల్సింది ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంటు పంచడాన్ని. ప్రతిధ్వని పుట్టించే డిజిటల్ డిలే, రివర్బ్‌లాంటివి లోపల గడియారపు చిప్‌తో నడుస్తాయి. ఆ స్పందనలు ఉమ్మడి కరెంటు తీగలోంచి పక్కనున్న డిస్టార్షన్ పెడల్‌లోకి పాకుతాయి, అది వాటిని వందల రెట్లు పెంచుతుంది. బ్యాటరీ పట్టే పెడల్ అయితే దాన్ని 9 వోల్టుల బ్యాటరీ మీద నడిపి చూడండి. కూత ఆగితే తప్పు కరెంటు పంపకంలో ఉంది. అప్పుడు ప్రతి పెడల్‌కీ విడి అవుట్‌పుట్ ఉన్న ఐసోలేటెడ్ పవర్ సప్లై కొనడం సార్థకమైన ఖర్చు. కొనేముందు ప్రతి పెడల్ అడిగే మిల్లీఆంపియర్లు, వోల్టులు, మధ్య పిన్ నెగెటివా పాజిటివా చూసి రాసుకోండి. మామూలు పెడల్స్‌లో ఎక్కువ భాగం 9 వోల్టులు, మధ్య పిన్ నెగెటివ్. తలకిందులుగా పెడితే కొన్ని పెడల్స్ అక్కడికక్కడే కాలిపోతాయి.

డిస్టార్షన్‌లో మోత ఎందుకంత విజృంభిస్తుందో కూడా తెలియాలి. 60 డెసిబెల్స్ గెయిన్ అంటే వెయ్యి రెట్లు. తీగ సిగ్నల్ కొద్దిగా పెరిగాక సర్క్యూట్ హద్దుకి తగిలి అక్కడే ఆగిపోతుంది, డిస్టార్షన్ అంటే అదే. చిన్నదైన హమ్‌కి ఆ హద్దు ఇంకా దూరం కాబట్టి పెరుగుతూ పోతుంది. రెండింటి మధ్య ఉండాల్సిన దూరం అలా తరిగిపోతుంది. గెయిన్ నాబ్‌ని ఎనిమిది నుంచి ఆరుకి దించి, ఆ లోటుని పికింగ్ చేతితో పూడ్చడం అలవాటు చేసుకుంటే హిస్, హమ్ రెండూ చెప్పుకోదగ్గంత తగ్గుతాయి.

ఇదంతా చేశాక మిగిలిన కొద్దిపాటి శబ్దానికే నాయిస్ గేట్. దాన్ని డిస్టార్షన్ తర్వాత, డిలే రివర్బ్‌లకు ముందు పెట్టాలి. రివర్బ్ తర్వాత పెడితే ఆ ప్రతిధ్వని తోక మధ్యలోనే తెగిపోతుంది. బాస్ (Boss) కంపెనీ ఎన్‌ఎస్-2 లాంటి గేట్‌లలో సెండ్, రిటర్న్ అని రెండు అదనపు జాక్‌లుంటాయి. గిటార్‌ని గేట్ ఇన్‌పుట్‌కి, సెండ్ నుంచి డిస్టార్షన్‌కి, డిస్టార్షన్ నుంచి రిటర్న్‌కి, గేట్ అవుట్‌పుట్ నుంచి డిలేకి కలపండి. అప్పుడు గేట్ శుభ్రమైన గిటార్ సిగ్నల్ విని తలుపు ఎప్పుడు తెరవాలో నిర్ణయిస్తుంది, మూసేది మాత్రం డిస్టార్షన్ తర్వాతి మోతని. థ్రెషోల్డ్‌ని (గేట్ తెరుచుకునే స్థాయిని) సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, చేతులు తీగల మీద కదలకుండా పెట్టినప్పుడు మోత సరిగ్గా ఆగినచోట ఆపండి. తర్వాత ఒక స్వరం మీటి చివరిదాకా మోగనివ్వండి. అది తనంతట సన్నగిల్లకుండా మధ్యలో ఠక్కున తెగితే ఒక గీత వెనక్కి తిప్పండి, డికే (గేట్ మూసుకోవడానికి పట్టే సమయం) కొంచెం పెంచండి.

మొదటి పరీక్షలోనే, కేబుల్ ఏదీ లేకుండా యాంప్ తనే గట్టిగా గుంయ్‌మంటుంటే సంగతి వేరు. వాల్వ్ యాంప్‌లో స్థిరమైన 100 హెర్ట్జ్ హమ్ అంటే ఎక్కువసార్లు ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినట్టు. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా వాటిలో 300, 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు. మూత విప్పకుండా, వాల్వ్ యాంప్‌లు బాగుచేసిన అనుభవం ఉన్న టెక్నీషియన్‌కి అప్పగించండి. ఎప్పుడు ఏ నాబ్ ఎక్కడుంటే ఎలాంటి మోత వస్తోందో ఒక కాగితం మీద రాసి దాంతోపాటు ఇస్తే ఆయన పని సగం సులువవుతుంది.